గోడ అవతలి జనరేటరు

పెద్ద కంపెనీలు ఏడాదికోసారి వేసే పచ్చ అట్ట పుస్తకాలు ఎవరైనా చేతిలో పెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొదటి పేజీలో ఆకు మీద నీటిబొట్టు ఉంటుంది. రెండో పేజీలో చైర్మన్ గారి నవ్వు ఉంటుంది. మూడో పేజీ నుంచి చివరిదాకా పొగ తగ్గిపోతూనే ఉంటుంది. మీలో చాలామంది ఇప్పుడు ఆ పుస్తకాలు తయారుచేసే ఉద్యోగాల్లోనే ఉన్నారని తెలుసు. గచ్చిబౌలి అద్దాల మేడల్లో కూర్చుని, దానికో కోర్సు, దానికో సర్టిఫికెట్టు సంపాదించుకుని మరీ చేస్తున్నారు. చేయండి, కాదనను. నేనూ ఆ పని చేసినవాణ్ణే. తొంభైల చివర్లో మేం మొదలుపెట్టినప్పుడు దానికి పేరు కూడా లేదు. అడిగినవాళ్లకి ‘కార్ల కంపెనీ లెక్కలు’ అని చెప్పి ఊరుకునేవాళ్లం.

అప్పటికి హైటెక్ సిటీ అంటే రాళ్ల మధ్య లేచిన ఒక గుండ్రటి భవనం, దాని చుట్టూ ఇంకా లేవబోయే భవనాల బోర్డులు. మా ఆఫీసు అందులో లేదు. కొండాపూర్ వెళ్లే దారిలో ఒక మూడంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని నడిపేవాళ్లం. డాబా ఎక్కితే ఆ భవనం కనిపించేది. ఆ మాత్రం చాలని మా డైరెక్టరు విజిటింగ్ కార్డుల మీద హైటెక్ సిటీ అనే వేయించుకున్నాడు. ఆయన అనంతపురం వైపు మనిషి, ప్లాట్ల వ్యాపారంలోంచి కంప్యూటర్లలోకి వచ్చాడు. మనసు మంచిది. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, క్లయింటు ఏం అడిగినా ‘కాదు’ అనలేడు. చంద్రుణ్ణి పంపమన్నా ఏ సైజు డబ్బాలో పంపాలని అడిగే రకం.

నేను అంతకుముందు ఒక ఎరువుల ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి. అది మూతపడితే ఏలూరు వదిలి హైదరాబాదు చేరాను. ఈ ఆఫీసులో కుర్రవాళ్లు టైపు చేసిన అంకెల్లో తప్పులు పట్టడం నా పని. రోజంతా తప్పులు వెతికే మనిషికి స్వభావం ఎలా తయారవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. నన్ను చూస్తే క్యాంటీన్లో మాటలు ఆగిపోయేవి.

మా క్లయింటు విదేశాల్లో ఖరీదైన కార్లు తయారుచేసే కంపెనీ. పేరు చెప్పను, చెప్పకపోయినా నష్టం లేదు. ఆ కారు వీధిలోకి వస్తే పిల్లలు ఆట ఆపి చూస్తారు, అలాంటి కారు. భూమి వేడెక్కిపోతోందని అప్పట్లో వాళ్ల దేశాల్లో గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది. అంత పెట్రోలు తాగే కార్లు తయారుచేసేవాళ్లకి సిగ్గేసిందో, భయమేసిందో, తమ ఫ్యాక్టరీల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడు ఎంతో ఏటా లెక్కకట్టి ప్రకటిస్తామని, ఏటికేడు తగ్గిస్తామని మాట ఇచ్చారు. మాట వాళ్లిచ్చారు, లెక్క మా మీద పడింది. వాళ్ల ఫ్యాక్టరీల గ్యాసు బిల్లులు, కరెంటు బిల్లులు, లారీల డీజిలు బిల్లులు పెట్టెలకొద్దీ వచ్చేవి. వాటిని ఎక్కించి, ఏ ఇంధనానికి ఎంత పొగో గుణించి, పట్టికలు కట్టి పంపేవాళ్లం. బళ్లో మేం ‘బొగ్గుపులుసు వాయువు’ అని బట్టీ పట్టిన సరుకు ఇలా అన్నం పెడుతుందని ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆ పట్టికలన్నిటికీ బాధ్యురాలు మా టీమ్ లీడరు. ఆ అమ్మాయి కొండాపూర్ కోడలు. చుట్టూ ఊరంతా ప్లాట్లయిపోతున్నా వాళ్ల మామగారు కట్టిన రెండు గదుల ఇల్లు మాత్రం మా ఆఫీసు వెనకే నిలబడి ఉండేది. మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య ఒక టెంట్ హౌస్ వాళ్ల దొడ్డి, అందులో పెళ్లి కుర్చీలు, షామియానా గుంజలు, వంట గిన్నెలు. మామగారు పోయారు. భర్త బస్సు పట్టుకుని దూరపు ఊరికి బడి పాఠాలు చెప్పడానికి వెళ్లేవాడు. ఇంట్లో అత్తగారూ, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పిల్లా. ఆ అత్తగారు పిల్లను చూసుకుంటేనే ఈ అమ్మాయికి ఉద్యోగం. అత్తగారికేమో ఆయాసం, వాళ్ల మాటలో దమ్ము. మందులు వాడుతూ బండి లాగించేది.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండో ఏడాది బిల్లులు వచ్చాయి. నేను పాతవాటితో పోల్చి చూస్తే వాళ్ల ఫ్యాక్టరీల్లో ఒకటి, ఇంజను ముక్కలు పోతపోసే కొలిమి, ఎక్కడా లేదు. మొత్తం పొగలో పెద్ద వాటా దానిదే. బిల్లులు దారిలో పోయాయేమోనని కంగారుపడి రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. ఆ కొలిమి ఇప్పుడు మాది కాదు, వేరే కంపెనీకి అమ్మేశాం, కాబట్టి అది మా లెక్క సరిహద్దుకు బయట ఉంది, దయచేసి వదిలేయండి. కొలిమి అదే ఊళ్లో అదే చోట ఉంది. అదే ఇనుము కరిగిస్తోంది. ఆ ముక్కలు వెళ్లేది మళ్లీ వీళ్ల కార్లలోకే. మారింది గేటు మీద బోర్డు ఒక్కటే. ఆ ఏడాది మా పట్టికలో గీత నిట్టనిలువునా కిందికి దిగింది. కంపెనీ మాట నిలబెట్టుకుంది.

నేను ఆ ఉత్తరం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లి అరిచాను. ఆయన రెండుసార్లు చదివాడు. ఆయన మొహంలో కోపం వస్తుందనుకుంటే ఏదో జ్ఞానోదయం లాంటిది వచ్చింది.

“ఏం తెలివి సార్ వీళ్లది. అమ్మేస్తే పొగ కూడా వాళ్లదే అయిపోతాదా?”

“అయిపోదండి. అయిపోయినట్టు రాస్తారంతే.”

“రాస్తే అయిపోయినట్టే కదా సార్,” అన్నాడు.

విదేశీయుల దగ్గర మావాళ్లు చాలా నేర్చుకున్నారు. టైముకి రావడం నేర్చుకోలేదు, క్యూలో నిలబడటం నేర్చుకోలేదు. ఇది మాత్రం ఒక్క పూటలో నేర్చుకున్నారు.

ఎందుకంటే కొద్దిరోజులకే ఆ కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. తమకు పనిచేసిపెట్టే కంపెనీలు కూడా వాటి పొగ లెక్క చెప్పాలి, తగ్గిస్తామని మాట ఇవ్వాలి అంది. ఫోన్లో అడిగారు, మీరు ఎంతవరకు తగ్గించగలరని. మా డైరెక్టరు క్షణం ఆలోచించలేదు. “సున్నా చేస్తాం” అన్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఆ రోజుల్లో కొండాపూర్‌లో మధ్యాహ్నం అయితే కరెంటు పోయేది, వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. ఆఫీసు వెనకాల మా డీజిలు జనరేటరు దడదడలాడకపోతే ఒక్క పట్టిక ముందుకు కదలదు. వాళ్ల పొగ లెక్క కట్టడానికే మేం అంత పొగ వదిలేవాళ్లం.

“ఎలా చేస్తారండి సున్నా?” అని అడిగాను.

“చూస్తా ఉండండి సార్.”

మర్నాడు టెంట్ హౌస్ ఆయన వచ్చాడు. ఆ వారంలోనే మా జనరేటరుకి చక్రాలు బిగించి, గోడ అవతలికి తోసి, ఆయనకు అమ్మేశారు. గోడ మీదుగా ఒక లావుపాటి వైరు మా ఆఫీసులోకి వచ్చింది. కరెంటు పోయినప్పుడు ఆయన నడుపుతాడు, మనం కిరాయి ఇస్తాం. ఆ కిరాయి మా పుస్తకాల్లో బిల్డింగు నిర్వహణ కింద పడింది. ‘మీరు కొన్న డీజిలు’ అనే వరసలో సున్నా. ఆ సున్నా వేయాల్సింది మా టీమ్ లీడరు, సరిచూసి సంతకం పెట్టాల్సింది నేను. అంకె ప్రకారం తప్పు లేదు. మేం ఒక్క చుక్క డీజిలు కొనలేదు. నా జీవితంలో అంత చిరాకుగా పెట్టిన సంతకం ఇంకోటి లేదు.

ఇక అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. టెంట్ హౌస్ ఆయన జనరేటరు కొనుక్కున్నది మా మొహం చూసి కాదు, పెళ్లిళ్ల కోసం. ముహూర్తాలు రాగానే అది చక్రాల మీద బయల్దేరి ఏ లింగంపల్లి ఫంక్షన్ హాలుకో, ఏ తెల్లాపూర్ పెళ్లిపందిరికో వెళ్లిపోయేది. మేం ఆగిపోయిన కంప్యూటర్ల ముందు విసనకర్రలు పట్టుకుని కూర్చునేవాళ్లం. విదేశం నుంచి పట్టికలు ఏవని ఫోను వస్తే, ఎవరిదో పెళ్లండి అని చెప్పలేక నానా అబద్ధాలు ఆడేవాళ్లం. నేను గోడ దగ్గరికి వెళ్లి అడిగితే టెంట్ హౌస్ ఆయన తాపీగా చెప్పేవాడు.

“గుస్సా చెయ్యకుండ్రి సార్. లగ్గాలున్నన్ని దినాలు జర సర్దుకోండ్రి. మూఢం రానియ్యండ్రి, పొద్దంత మీకే నడుపుత.”

దాంతో మా ఆఫీసులో కంప్యూటరు పక్కనే పంచాంగం చేరింది. నవ్వకండి, నిజం చెబుతున్నాను. ప్రపంచంలో పేరున్న కార్ల కంపెనీ వాతావరణ నివేదికకు ఏ భాగం ఎప్పుడు పంపాలో మేం ముహూర్తాలు చూసి నిర్ణయించేవాళ్లం. శుక్రమౌఢ్యంలో పెద్ద పట్టికలు, మాఘమాసంలో చిన్నవి. క్లయింటు గడువు అడిగితే డైరెక్టరు ముందు పంచాంగం తిప్పి తర్వాత తారీఖు చెప్పేవాడు. మా వాళ్ల ప్లానింగు బ్రహ్మాండంగా ఉందని అక్కడివాళ్లు మెచ్చుకున్నారు కూడా.

మాకు కలిసొచ్చిన మూఢం మా టీమ్ లీడరు అత్తగారైన ఆ ముసలమ్మ మీద పడింది. గోడ అవతల చోటు తక్కువ. జనరేటరు పొగగొట్టం సరిగ్గా ఆమె వంటింటి కిటికీ వైపు తిరిగి ఉండేది. పెళ్లిళ్లున్నప్పుడు ఫరవాలేదు, అది ఊళ్లు తిరుగుతుంది. పెళ్లిళ్లు లేనప్పుడు మధ్యాహ్నమంతా అక్కడే. మూఢం మొదలైన కొన్నాళ్లకి మా టీమ్ లీడరు నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి ఊరికే ఫిర్యాదు చేసే మనిషి కాదు.

“సార్, మా అత్తమ్మకు మస్తు తక్లీఫ్ అయితుంది. కిటికీ తలుపులు పెట్టి తడిబట్ట కట్టినం, అయినా పొగ ఆగుతలేదు. పిల్లను ఎత్తుకోనికి చాతనైతలేదు ఆమెకు. నిజామాబాద్‌ల మా ఆడబిడ్డ ఇంటికి పంపుదమని అంటున్నరు మా ఆయన. ఆమె పోతే పిల్లను ఎవరు చూస్తరు? నేను మానుకోవాల్సిందే.”

“డైరెక్టరు గారికి చెప్పావా?”

“చెప్పిన. అది మనది కాదు కదమ్మా అన్నడు.”

నేను వెళ్లాను. వెళ్లి ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. బాధపడ్డాడు కూడా. తర్వాత టెంట్ హౌస్ ఆయనకి చెబుతానన్నాడు. టెంట్ హౌస్ ఆయన్ని అడిగితే, నాదేముంది సార్, వైరు పొడుగుంటే యాడ పెట్టమంటే ఆడ పెడుత, వైరు మీది కదా అన్నాడు. వైరు సంగతి డైరెక్టరుని అడిగితే, పొడుగు వైరు మనం కొంటే జనరేటరు మనదే అన్నట్టు అవుతాది, తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు అన్నాడు. ఇలా గోడకి ఇటూ అటూ తిరిగి నా చెప్పులు అరిగాయి తప్ప ఆ పొగగొట్టం ఒక్క జానెడు పక్కకు జరగలేదు. జనరేటరు ఎవరిదీ కాదు, పొగ మాత్రం ఆ ముసలమ్మది.

ఆ తనిఖీ నిజంగానే వచ్చింది. సున్నా చేసిన సరఫరాదారు మేమొక్కళ్లమే కావడంతో, వాళ్ల ఇంజనీరు ఒకాయన స్వయంగా చూడ్డానికి వస్తానన్నాడు. వచ్చే ఏడాది కాంట్రాక్టు ఆయన మాట మీద ఆధారపడి ఉంది. డైరెక్టరు పంచాంగం తీసి, మూఢంలో నడిమధ్య రోజు చూసి రమ్మన్నాడు. పెళ్లి అనే మాటే వినపడకూడదు. ఆయన్ని తీసుకురావడానికి బంజారాహిల్స్‌లో ఉన్న ప్లాట్ల స్నేహితుణ్ణి బతిమాలి, సరిగ్గా ఆ కంపెనీ కారే అరువు తెచ్చాడు. ఊళ్లో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది మా గుమ్మం ముందు ఆగితే వీధి వీధంతా వచ్చి చూసింది.

ఇంజనీరు పొడుగాటి మనిషి, నెమ్మదస్తుడు, ప్రతిదానికీ తలూపి రాసుకునే రకం. భోజనాలయ్యాక మా టీమ్ లీడరు పట్టికలు చూపిస్తుంటే రోజూ పోయినట్టే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి, ఊపిరి తీసుకున్నట్టు మళ్లీ తిరిగాయి. ఆయన ఆశ్చర్యపోయాడు. మీ దగ్గర జనరేటరు లేదన్నారుగా అని అడిగాడు. లేదండి, పక్కవాళ్ల దగ్గర ఏర్పాటు అని డైరెక్టరు సవినయంగా చెప్పాడు. ఉన్నదాన్ని పక్కవాళ్లతో పంచుకోవడం చాలా మంచి పద్ధతని ఆయన రాసుకున్నాడు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి కింద వీధి గుమ్మంలోంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. టీమ్ లీడరు వాళ్ల పక్కింటావిడ.

“ఓ పిల్లా, మీ అత్తకు దమ్ము లేసింది. మాట్లాడుతలేదు. జల్ది రా.”

ఆ అమ్మాయి చేతిలో కాగితాలు అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తింది. వెనకే నేను. నా వెనకే ఆ ఇంజనీరు, ఏం జరుగుతోందో అర్థంకాక.

వంటింట్లో ముసలమ్మ గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. పక్కన పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తోంది. మూసిన కిటికీ సందుల్లోంచి పొగ సన్నగా లోపలికి దిగుతోంది. గోడ అవతల జనరేటరు హాయిగా నడుస్తోంది. ఇంజనీరు దగ్గుతూ కిటికీ తెరిచి చూశాడు. పొగగొట్టం ఆయన మొహం మీదికే ఉంది. వెంటనే మూశాడు.

“ఇది ఎవరిది?” అని నన్ను అడిగాడు.

“ఈ ఏడాది టెంట్ హౌస్ వాళ్లది. పోయిన ఏడాది మాది,” అన్నాను.

ఆటో కోసం ఎవరో పరుగెత్తబోతే ఆయనే కారు తెమ్మన్నాడు. ఆ కారు తెచ్చారు కానీ అది వాళ్ల ఇంటి సందులో పట్టదు. దాని వెడల్పుకి మా వీధే బొటాబొటీ. టెంట్ హౌస్ ఆయన పరుగున పోయి పెళ్లి కుర్చీ ఒకటి తెచ్చాడు, ఎర్ర దిండు వేసిన వరుడి కుర్చీ. ముసలమ్మను అందులో కూర్చోబెట్టి ఆయన ఒకవైపు, నేను ఒకవైపు, ఇంజనీరు వెనకా పట్టుకుని రోడ్డుదాకా మోశాం. వస్తూ వస్తూ టెంట్ హౌస్ ఆయన మనిషి జనరేటరు ఆపేశాడు. మేడలో ఫ్యాన్లు, కంప్యూటర్లు అన్నీ ఆగిపోయాయి. డైరెక్టరు మేడ మీంచి, “ఎవడ్రా ఆపింది?” అని కేక వేస్తూ దిగొచ్చి, కుర్చీలో ముసలమ్మను చూసి, కారు తలుపు తీశాడు.

దవాఖానాలో ముక్కుకి ఆక్సిజన్ పెట్టాక ఆమెకు ఊపిరి తిరిగింది. డాక్టరు బయటికి వచ్చి, ఇంట్లో కట్టెల పొయ్యి మీద వండుతారా అని అడిగాడు. కాదండి గ్యాసే అంది మా టీమ్ లీడరు. మరి ఇంత పొగ ఎక్కడిది అన్నాడాయన. డైరెక్టరు, ఇంజనీరు, నేను ముగ్గురం అక్కడే నిలబడి ఉన్నాం. ముగ్గురికీ జవాబు తెలుసు. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం తప్ప ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయే చెప్పింది.

“మా ఆఫీసుది డాక్టర్,” అంది.

సాయంత్రం ఎండ ఉండగానే మళ్లీ ఆఫీసులో కూర్చున్నాం. భర్త దవాఖానాకి వచ్చాడు కాబట్టి ఆ అమ్మాయి కూడా వచ్చింది. రావద్దన్నా వచ్చింది. మా పొగ లెక్క కాగితం ఇంజనీరు ముందుకు జరిపి, సున్నా కొట్టేసి జనరేటరు తాగే డీజిలు రాయమంది. తను టెంట్ హౌస్ ఆయన్ని అడిగి అంచనా కట్టుకొచ్చింది. ఆయన ఆ కాగితం చూశాడు. ఆయన దుర్మార్గుడు కాదు, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. దవాఖానాలో ముసలమ్మను చూసి కళ్లల్లో నీళ్లు తిరిగిన మనిషి. కానీ ఆ వరస పైన ‘మీరు కొన్న ఇంధనం’ అని ఉంది, మీరు కొనలేదు, ఇక్కడ నేను రాయలేను అన్నాడు.

“ఎవరు కొన్నారని కాదు, ఆ కరెంటు ఎవరు వాడుకున్నారని అడగండి,” అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో.

“అలా అడగడం మొదలుపెడితే మా కొలిమి కూడా మళ్లీ మా లెక్కలోకి వస్తుంది,” అన్నాడాయన.

అనేశాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి డైరెక్టరు వైపు తిరిగి, కాగితం సంగతి వదిలేయండి, ముందు ఆ యంత్రాన్ని అక్కణ్ణుంచి తీయించండి అన్నాడు. “రేప్పొద్దునకల్లా తీయిస్తా సార్,” అన్నాడు డైరెక్టరు. మా డైరెక్టరు క్లయింటుకి ఇచ్చిన మాటల్లో అన్న టైముకి అన్నట్టు జరిగింది అదొక్కటే. మర్నాడు పొద్దున్న జనరేటరు చక్రాల మీద వెళ్లిపోయింది. పొడుగు వైరు వచ్చింది. దాన్ని టెంట్ హౌస్ ఆయన పేరు మీదే కొన్నారని వేరే చెప్పాలా?

కాంట్రాక్టు నిలిచింది. లడ్డూలు పంచారు. కొన్ని నెలలకి పచ్చ అట్ట పుస్తకం వచ్చింది. అందులో హైదరాబాదు సరఫరాదారు తన జనరేటరును పూర్తిగా తొలగించి సున్నాకి చేరుకున్నాడని, మిగతావాళ్లకి ఆదర్శమని అచ్చయింది. మా టీమ్ లీడరు పేరు కూడా వేశారు. ఆ పేజీ నాకు చూపించినప్పుడు నేను దాన్ని విసిరేసేవాణ్ణే, ఆ అమ్మాయి మొహం చూసి ఊరుకున్నాను. తన ఉద్యోగం తనకి మిగిలింది, అత్తగారు నిజామాబాదు వెళ్లనక్కర్లేకపోయింది. ఇంతకంటే ఏం కావాలని నన్ను నేనే కోప్పడ్డాను.

ఆ ఆదివారం బత్తాయిలు పట్టుకుని ముసలమ్మను చూడ్డానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఉంది, తేరుకుంది. మనవరాలు ఒళ్లో నిద్రపోతోంది. వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. నన్ను చూసి, “రా బిడ్డా, కూసో,” అంది. కోడలు టీ తెచ్చి, అత్తగారికి సంతోషంగా ఉంటుందని ఆ పుస్తకం తెచ్చి తన పేరు చూపించింది. ముసలమ్మకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి నిమిరింది.

“ఏం బుక్కిది?”

“ఎవరెవరు ఎంత పొగ ఇడుస్తున్నరో రాసేది, అత్తమ్మా.”

“మరి మన కాడ ఎంతని రాసిన్రు?”

“సున్నా.”

ముసలమ్మ నవ్వింది. నవ్వుకి కొంచెం దగ్గు వచ్చింది, తగ్గేదాకా కోడలు వీపు నిమిరింది.

“మంచిగయింది. ఇగ దాన్ని ఎవరి కిటికీ కింద పెట్టిన్రు?” అంది నా వైపు తిరిగి.

కోడలు నా మొహం చూసింది. ఆ అమ్మాయి ఇన్నాళ్లూ అడగలేదు. అడగకూడదని అనుకుందో, అడిగే ఓపిక లేకపోయిందో నాకు తెలీదు. నాకు మాత్రం తెలుసు. తప్పులు వెతికే మనిషిని కదా, వైరు వెంట నడిచి చూసొచ్చాను. రాళ్లగుట్ట అవతల కొత్త భవనాలు కట్టే కూలీల కోసం రేకులతో వేసిన గదులున్నాయి. వాటి వెనక పెట్టారు. ఆ గదులకి కిటికీలు లేవు.

“గుట్ట అవతల, కూలీల రేకుల గదులున్నాయి కదండీ, అక్కడ,” అన్నాను.

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. ఒళ్లో పిల్ల కదిలితే చేత్తో జోకొట్టింది.

“పిల్లలుంటరా ఆడ?” అని అడిగింది.

“ఉంటారండి,” అన్నాను.